శుక్రుడి వేడి, అంగారకుడి చలి: భూమికి వీటితో పనేంటి?

గ్రహాల వాతావరణం మీద పనిచేస్తానని తెలిస్తే చాలు, ఎవరో ఒకరు శుక్రుణ్ణో అంగారకుణ్ణో పట్టుకొచ్చి, కార్బన్ డయాక్సైడ్ భూమిని వేడెక్కిస్తుందా లేదా అని వాదనకు దిగుతారు. తరచూ వినేవి ఇవి.

అపోహ: శుక్రుడు సూర్యుడికి దగ్గర, అందుకే అంత వేడి.

వాస్తవం: బుధుడు ఇంకా దగ్గర. అక్కడ పగలు 430 డిగ్రీల సెల్సియస్, రాత్రి మైనస్ 180. శుక్రుడి మీద రాత్రీ పగలూ 465 దాకా ఉంటుంది. పైగా అక్కడి మేఘాలు పడిన ఎండలో నాలుగింట మూడు వంతులు తిప్పికొడతాయి. చదరపు మీటరుకు లెక్కేస్తే శుక్రుడికి దక్కే ఎండ మనకన్నా తక్కువే!

అపోహ: ఆ వేడి పీడనం వల్ల వచ్చింది, కార్బన్ డయాక్సైడ్ వల్ల కాదు.

వాస్తవం: సైకిల్ పంపు కొడుతున్నంతసేపూ వేడెక్కుతుంది. కాసేపు పక్కన పెడితే చల్లారుతుంది, టైరులో ఒత్తిడి మాత్రం అలాగే ఉంటుంది. శుక్రుడి మీద పీడనం మనకన్నా 90 రెట్లు ఎక్కువ, నిజమే. కానీ వేడిని పట్టి ఉంచే వాయువు లేకపోతే ఆ నేల ఎప్పుడో చల్లారిపోయేది.

అపోహ: అంగారకుడి గాలిలో 95 శాతం కార్బన్ డయాక్సైడే. అయినా గడ్డకట్టే చలి. కాబట్టి ఆ వాయువుతో ఏమీ కాదు.

వాస్తవం: ఈ ప్రశ్న అడిగేవాళ్లంటే నాకిష్టం, ఎందుకంటే సగం నిజముంది. చదరపు మీటరు నేల మీద ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను తూకం వేస్తే, భూమి కన్నా అంగారకుడి మీదే 20 రెట్లకు పైగా ఎక్కువ. కానీ అక్కడి గాలి పీడనం మన దాంట్లో ఒక శాతం కూడా లేదు. గాలి అంత పలచనైతే ఒక్కో అణువు నేల వదిలే పరారుణ (వేడి) కిరణాల్లో మరీ సన్నని గీతల్ని, అంటే కొద్దిపాటి తరంగదైర్ఘ్యాల్ని మాత్రమే పట్టగలదు, మిగతాదంతా సందుల్లోంచి జారిపోతుంది. భూమి మీద నత్రజని, ఆక్సిజన్ అణువులు వచ్చి ఢీకొంటుంటే ఆ గీతలు వెడల్పవుతాయి. పీడనం అసలు పాత్ర ఇదీ. నీటి ఆవిరి కూడా అక్కడ దాదాపు లేదు. అందుకే వేడిని పట్టి ఉంచే వాయువుల వల్ల అంగారకుడికి అదనంగా దక్కేది ఓ ఐదు డిగ్రీలు. భూమికి 33. అది లేకపోతే మన సగటు మైనస్ 18 ఉండేది.

అపోహ: ఇలాగే పొగ వదిలితే భూమి శుక్రుడైపోతుంది.

వాస్తవం: ఇది అవతలి పక్షం అతి. మన కార్బన్‌లో చాలా భాగం సున్నపురాయిగా నేలలో ఉంది. బొగ్గు, చమురు కాల్చినంత మాత్రాన అది బయటికి రాదు. మనం చూడాల్సిన లెక్క వేరు: పరిశ్రమల యుగానికి ముందు పది లక్షల అణువుల్లో 280 ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. 560కి చేరి అక్కడే నిలబడితే, చివరికి 2.5 నుంచి 4 డిగ్రీలు పెరిగే అవకాశం ఎక్కువ.