షెర్మన్ ఆ బంతిని ఎందుకు పట్టుకోలేదు?

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

శుక్రవారం వస్తే నీలం జెర్సీ వేసుకుని బడికి వెళ్ళే సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ పిల్లలు మీలో చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒక చిన్నది మన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సీహాక్స్‌కు షెర్మన్ ఆడిన పాత మ్యాచ్ వీడియో చూసి అడిగింది: "తాతయ్యా, షెర్మన్ అంత పైకి ఎగిరాడు కదా, బంతిని పట్టుకోకుండా ఎందుకు కొట్టాడు? పట్టుకుంటే వాళ్ళదే అయిపోయేది కదా?"

ఎంత చక్కగా గమనించావమ్మా! పెద్దవాళ్ళు ఆ వీడియో చూసి చప్పట్లు కొట్టి ఊరుకుంటారు. నీకు కనబడిన సందేహం వాళ్ళకు కనబడదు. పట్టుకోలేదు, ఎందుకంటే రెండు చేతులకూ ఆ బంతి అందేది కాదు. అయితే ఆ జవాబు దగ్గరే ఆగిపోతే ఆ రోజు ఆటలో సగం మన చేతికి రానట్టే. మిగతా సగం కూడా చెబుతాను.

అది 2014 జనవరి 19. ఒకవైపు సియాటిల్ సీహాక్స్, ఇంకోవైపు శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్. గెలిచినవాళ్ళు ఛాంపియన్‌ను తేల్చే ఆఖరి మ్యాచ్ సూపర్ బౌల్‌కు, ఓడినవాళ్ళు ఇంటికి. 2002 నుంచి ఈ రెండు జట్లూ లీగ్‌లోని ఒకే చిన్న గుంపులో, అంటే ఒకే డివిజన్‌లో ఉన్నాయి కాబట్టి ఏటా రెండుసార్లు తలపడక తప్పదు. ఆ సీజన్‌లో సియాటిల్‌లో సీహాక్స్ 29–3తో గెలిస్తే, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫార్టీనైనర్స్ 19–17తో బదులు తీర్చుకున్నారు. మూడోది ఈ మ్యాచ్. ఇలా పదేపదే ఎదురుపడే జట్ల మధ్య దాపరికం ఏమీ మిగలదు. ఎవడు ఏ కాలు ముందు వేస్తాడో ఎదుటివాడికి తెలిసిపోతుంది.

ఈ ఆట అర్థం కావాలంటే మన చెడుగుడు గుర్తు తెచ్చుకోండి. ఇప్పుడు టీవీలో మ్యాటు మీద ఆడే కబడ్డీ చూస్తున్నారు గానీ, మా చిన్నతనంలో కోతలైపోయిన చేలో, వెన్నెల్లో, మడమతో గీత గీసి ఆడేవాళ్ళం. కూతకు వెళ్ళినవాడు ఊపిరి బిగబట్టి అవతలి బరిలోకి వెళ్తాడు. వాడికి కావలసింది ఒకరిని తాకి గీత దాకా తిరిగి రావడం. అవతలివాళ్ళకు కావలసింది వాడు గీత దాటకుండా పట్టడం. అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ బంతి ఉన్న జట్టు కూతకు వెళ్ళిన జట్టే. 100 గజాల బరి, వైపుకు 11 మంది. 4 ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్ళీ 4 ప్రయత్నాలు ఇస్తారు, జరగకపోతే బంతి అవతలివాళ్ళది. ఆ ప్రయత్నాన్నే డౌన్ అంటారు. కబడ్డీలో రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై అవుతుంది కదా, ఇక్కడ నాలుగో డౌన్ అలాంటిది. చివరి గీత దాటి ఎండ్ జోన్‌లోకి బంతి చేరిస్తే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు, ఆపైన తన్నే కిక్కుకు 1. అంతదూరం వెళ్ళలేమనుకుంటే కొయ్యల మధ్యగా బంతిని తన్ని 3 పాయింట్లు తీసుకోవచ్చు, అది ఫీల్డ్ గోల్.

ఆ రోజు సీహాక్స్‌కు శకునమే బాగాలేదు. మొట్టమొదటి ప్రయత్నంలోనే బంతి అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ చేతిలోని బంతిని ఫార్టీనైనర్స్ ఆటగాడు ఆల్డన్ స్మిత్ రాలగొట్టాడు. సగం ఆట అయ్యేసరికి 10–3తో వెనకబడి ఉన్నారు. ఫార్టీనైనర్స్ క్వార్టర్‌బ్యాక్ కాలిన్ కాపర్నిక్‌ది బాణంలాంటి పరుగు. ఒక్కసారే 58 గజాలు దూసుకుపోయాడు. కూతకు వచ్చినవాడి కాళ్ళలో అంత బలముంటే పట్టేవాళ్ళు ఒకరి మీద ఒకరు భరోసా పెట్టుకోవాలే తప్ప, ఎవడికి వాడు వెంటబడితే లాభం లేదు. ఆటను నాలుగు క్వార్టర్లుగా ఆడతారు. మూడో క్వార్టర్‌లో సియాటిల్ ఆటగాడు మార్షాన్ లించ్ 40 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేసి 10–10 చేశాడు. వెంటనే కాపర్నిక్ గాల్లోకి లేచి విసిరిన బంతిని ఆంక్వాన్ బోల్డిన్ అందుకోవడంతో మళ్ళీ ఏడు పాయింట్ల తేడా. సియాటిల్ ఒక ఫీల్డ్ గోల్ కొట్టింది. 17–13.

నాలుగో క్వార్టర్ మొదట్లో జరిగింది జాగ్రత్తగా వినండి. సియాటిల్‌కు నాలుగో డౌన్, ఇంకా 7 గజాలు కావాలి. బంతి అవతలివాళ్ళ 35 గజాల గీత దగ్గర ఉంది. ఫీల్డ్ గోల్ తన్నాలంటే ఆ 35కి ఎండ్ జోన్ 10 గజాలు, బంతిని నిలబెట్టడానికి వెనక్కి జరిగే 7, 8 గజాలు కలపాలి. అంటే 53 గజాల కిక్కు. గాలి ఎదురుగా కొడుతోంది. కిక్కర్ స్టీవెన్ హౌష్కా ఆ దూరం కష్టమని కోచ్ పీట్ కారల్‌తో చెప్పేశాడు. మొహమాటానికి పోయి "తన్నేస్తాను" అనలేదు చూశారా! వాడి పని వాడికి తెలుసు కాబట్టే ఆ మాట చెప్పగలిగాడు. మీరూ ఇది నేర్చుకోవాలి. చేతకాని పనిని ఒప్పుకుని పదిమందినీ ముంచడం కంటే ముందే చెప్పడం మేలు.

దాంతో విల్సన్ బంతి విసరడానికే సిద్ధమయ్యాడు. కూతకు వెళ్ళినవాడు కాలు ముందుకు చాపి ఆశచూపి చటుక్కున వెనక్కి తీస్తే, ఆత్రం పట్టలేని కుర్రాడు ముందుకు దూకుతాడు కదా, అచ్చం అదే జరిగింది. బంతి ఎప్పుడు అందించాలో గొంతుతో చెప్పేది క్వార్టర్‌బ్యాక్. విల్సన్ ఆ అరుపును హఠాత్తుగా గట్టిగా అరిచి, అసలు సమయాన్ని మాత్రం వెనక్కి జరిపాడు. ఆల్డన్ స్మిత్ ముందే గీత దాటేశాడు. పచ్చజెండా ఊపినట్టే, ఎందుకంటే ఆ తప్పుకు 5 గజాల శిక్ష ఎలాగూ ఖాయం. ఇక ఆ ప్రయత్నంలో విల్సన్ ఏం చేసినా నష్టం లేదు. బంతి అవతలివాడికి దొరికినా శిక్ష తీసుకుని మళ్ళీ నాలుగో డౌన్ ఆడుకోవచ్చు, అదీ 2 గజాలకే. అందుకని ధైర్యంగా ఏకంగా ఎండ్ జోన్‌లోకే విసిరాడు. జర్మెయిన్ కియర్స్ అందుకున్నాడు. 35 గజాల టచ్‌డౌన్. సియాటిల్ 20, శాన్‌ఫ్రాన్సిస్కో 17.

ఇక్కడ స్టేడియం గురించి ఒక మాట. దాన్ని ఇప్పుడు లూమెన్ ఫీల్డ్ అంటున్నారు. సీట్లపైన రెండు వైపులా వంగిన పెద్ద కప్పులున్నాయి. జనం అరిచిన అరుపు పైకి పోకుండా ఆ కప్పులకు కొట్టుకుని తిరిగి మైదానం మీదికే దిగుతుంది. ఆ సీజన్‌లోనే, 2013 డిసెంబరు 2న, అక్కడ 137.6 డెసిబెల్స్ నమోదై గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ హోరులో అవతలి జట్టు కూత వాళ్ళ చెవులకే వినబడదు. అప్పుడేం చేస్తారంటే, లైన్‌లో ఉండే గార్డ్ తల తిప్పి వెనకున్న క్వార్టర్‌బ్యాక్ సైగ చూస్తాడు. చూసి పక్కనున్న, బంతి వెనక్కి అందించే సెంటర్‌ను చేత్తో తడతాడు. అప్పుడు బంతి కదులుతుంది. లైన్ చివరన ఉన్నవాళ్ళు బంతి కదలడం ఓరకంట చూసి లేవాలి. ఎదురుగా ఉన్నవాడూ ఆ బంతినే చూస్తున్నాడు కాబట్టి, మామూలుగా వీళ్ళకు ముందే లేచే ఆ రవ్వంత లాభం పోతుంది. ప్రేక్షకులు ఆటలో పాలుపంచుకోవడమంటే అదే. 12వ నంబరు జెర్సీని 1984 నుంచి సియాటిల్ జట్టు అభిమానులకే వదిలేసింది, ఆటగాళ్ళెవరూ వేసుకోరు.

ఆ క్వార్టర్‌లో కాపర్నిక్ చేతుల నుంచి బంతి మూడుసార్లు సియాటిల్ వశమైంది. మొదట క్లిఫ్ అవ్రిల్ వెనకనుంచి చేయి కొట్టి రాలగొట్టాడు, మైకేల్ బెనెట్ ఏరుకున్నాడు. కానీ ఆ నోటిదాకా వచ్చిన ముద్ద సియాటిల్ తినలేకపోయింది. గీత ముందుదాకా వెళ్ళి రెండుసార్లు బంతి జారవిడుచుకుంది, రెండోది నాలుగో డౌన్ కావడంతో బంతి అవతలివాళ్ళదైంది. మొదటిసారి పెనుగులాటలోనే ఫార్టీనైనర్స్ లైన్‌బ్యాకర్ నవారో బౌమన్ మోకాలు దారుణంగా దెబ్బతింది. బంతి నిజానికి అతనే పట్టుకున్నాడు. రిఫరీలు మాత్రం సియాటిల్‌కే ఇచ్చారు, అప్పటి నియమాల ప్రకారం దాన్ని మళ్ళీ వీడియోలో చూసి దిద్దే వీలు లేదు. తర్వాతి సీజన్‌కు ఆ నియమం మార్చారు. మన జట్టు గెలిచిందని ఇలాంటివి మరిచిపోకూడదు. తర్వాత కాపర్నిక్ విసిరిన ఒక బంతిని, వెనక కాపలా కాసే సేఫ్టీ కామ్ చాన్సలర్ అందుకున్నాడు. హౌష్కా 47 గజాల ఫీల్డ్ గోల్ కొట్టాడు. 23–17.

ఇప్పుడు నీ ప్రశ్న దగ్గరికి వచ్చాం తల్లీ. ఆఖరి అర నిమిషం. ఫార్టీనైనర్స్ నాలుగో డౌన్ గండం కూడా గట్టెక్కి సియాటిల్ 18 గజాల గీత దాకా వచ్చేశారు. టచ్‌డౌన్, దానిమీద కిక్కు, అంతే. 24–23తో వాళ్ళదే గెలుపు. కాపర్నిక్ కుడివైపు మూలకు, మైకేల్ క్రాబ్‌ట్రీ కోసం బంతి విసిరాడు. క్రాబ్‌ట్రీని కనిపెట్టుకుని ఉన్నది రిచర్డ్ షెర్మన్.

కబడ్డీలో మూలన నిలబడే కార్నర్‌ను చూశారుగా. వాడు కూత వినడు, కేకలు వినడు, వచ్చినవాడి కాలి మీదే కన్నేసి ఉంటాడు. షెర్మన్ పని కూడా కార్నరే, పేరు కూడా కార్నర్‌బ్యాకే. అతనికి బంతి పట్టడం రాక కాదు. ఆ సీజన్‌లో లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువగా 8 ఇంటర్‌సెప్షన్లు చేశాడు, అంటే అవతలివాళ్ళు విసిరిన బంతిని పట్టేయడం. 6 అడుగుల 3 అంగుళాల మనిషి. స్టాన్‌ఫర్డ్‌లో చదివేటప్పుడు మొదట బంతి అందుకునే రిసీవర్‌గానే ఆడాడు. అప్పటి అతని కోచ్ జిమ్ హార్బా ఆ రోజు అవతలి జట్టు కోచ్. అలాంటివాడు ఎందుకు పట్టలేదు?

అక్కడ ఒక చిన్న పని చేసి చూడు. గోడ పక్కన నిలబడి రెండు చేతులూ జోడించి ఎంత పైకి అందితే అక్కడ సుద్దముక్కతో గీత పెట్టు. తర్వాత ఒంటి చేత్తో సాగి ఇంకో గీత పెట్టు. రెండో గీత పైన పడుతుంది. ఒక భుజం బాగా లేవాలంటే రెండోది దిగాలి. రెండు చేతులూ కలిపితే ఆ వీలుండదు. షెర్మన్ క్రాబ్‌ట్రీతో సమానంగా మూలకు పరుగెడుతూ, తల తిప్పి, వెనక్కి వాలుతూ ఎగిరాడు. ఆ ఒంపులో రెండు చేతులు బంతికి ఎదురుగా రావు. ఎడమచెయ్యి ఒక్కటే అంత దూరం పోయింది. రెండు చేతుల కోసం చూస్తే బంతి వేళ్ళ పైనుంచి దాటి క్రాబ్‌ట్రీ ఒళ్ళో పడేది.

ఇంకా ముఖ్యమైన సంగతి ఉంది. అది వాళ్ళకు ఒకటో డౌన్. షెర్మన్ కొట్టిన బంతి నేలమీద పడి ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. గడియారం ఆగేది, 20 పైచిలుకు సెకన్లు మిగిలేవి, అదే 18 గజాల గీత నుంచి వాళ్ళకు ఇంకో మూడు ప్రయత్నాలు ఉండేవి. మూలనున్నవాడు చీలమండ పట్టినంత మాత్రాన కూతగాడు అవుటు కాడు కదా! ఈడ్చుకుంటూ గీత తాకేస్తాడు. పక్కనున్న కవర్ వచ్చి మీద పడాలి. ఇక్కడ అలా వచ్చినవాడు 53వ నంబరు లైన్‌బ్యాకర్ మాల్కమ్ స్మిత్. బంతి అతనివైపు విసిరింది కాదు, అతను కాపలా కాస్తున్న మనిషికీ విసిరింది కాదు. అయినా బంతి గాల్లోకి లేవగానే అటే పరుగు తీశాడు. షెర్మన్ వేళ్ళ నుంచి ఎగిరిన బంతి ఎండ్ జోన్‌లో అతని చేతుల్లోకి వచ్చింది. ఆట ముగిసింది.

అదృష్టమే కాదు. ఆ జట్టు గురువారం అభ్యాసమంతా బంతి లాక్కోవడం మీదే ఉండేది. 2013లో అందరికంటే ఎక్కువగా 39 సార్లు బంతి లాక్కున్నారు. మాల్కమ్ స్మిత్‌ను, జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే 2011 డ్రాఫ్ట్‌లో ఆఖరిదైన ఏడో రౌండ్‌లో తీసుకున్నారు. రెండు వారాల తర్వాత సూపర్ బౌల్‌లో డెన్వర్ మీద 43–8తో గెలిచినప్పుడు ఉత్తమ ఆటగాడి బహుమతి అతనికే దక్కింది.

షెర్మన్ ఆ వెంటనే చేసిన సైగకు రిఫరీల శిక్ష జెండా పడింది, టీవీ ముందు అరిచిన అరుపు వారం రోజులు దేశమంతా మోగింది. తన అరుపు వల్ల తోటివాళ్ళ ఆట మరుగున పడిందని తర్వాత తనే క్షమాపణ చెప్పాడు. ఆ చెప్పడం నాకు నచ్చింది. 2018లో అదే షెర్మన్ ఫార్టీనైనర్స్‌లో చేరాడు.

ఈ ఆదివారం ఆ వీడియో మళ్ళీ పెట్టండి. బంతిని చూడొద్దు, 53ను చూడండి. కాపర్నిక్ చేయి లేచినప్పుడు అతను ఎక్కడున్నాడో, బంతి తగిలేసరికి ఎన్ని అడుగులు వేశాడో లెక్కపెట్టండి. తర్వాత పెరట్లోకి వెళ్ళండి. ముగ్గురు కావాలి, మెత్తటి బంతి చాలు. ఒకరు పది అడుగుల దూరం నుంచి ఎత్తుగా విసరాలి. రెండోవాళ్ళు ఒంటి చేత్తో, అరచేత్తో కాకుండా వేళ్ళ కొసలతో పైకి తట్టాలి. అరచెయ్యి తగిలితే బంతి దూరంగా పోతుంది. మూడోవాళ్ళు నాలుగైదు అడుగుల వెనక మోకాళ్ళు కాస్త వంచి నిలబడి, బంతి విసరగానే కదలాలి. తట్టిన తర్వాత కదిలితే అందదు. ఒక్కొక్కరు పదిసార్లు చేసి చోట్లు మార్చుకోండి. మొదట్లో చాలా బంతులు నేలపాలవుతాయి, ఫరవాలేదు. ఎవరికి ఎన్ని దొరికాయో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య