ఆ 23 పుస్తకాల గురించి, మీ అమ్మమ్మ

చిన్నీ, ఈ ఉత్తరం నీకూ, నీ రూమ్‌లో ఉండే ఇద్దరు అమ్మాయిలకూ కలిపి రాస్తున్నాను.

నిన్న రాత్రి నువ్వు పంపిన ఫొటో చూశాను. టేబుల్ మీద గోడకు ఆనించి పేర్చిన మీ నీట్ పుస్తకాలు లెక్కపెడితే 23 తేలాయి. కింద "అమ్మమ్మా, ఇంకేమైనా కొనాలా?" అని రాశావు. ఫోన్‌లోనే చెబుదామనుకున్నాను గానీ మీ హాస్టల్లో ఫోన్ ఇచ్చేది ఆదివారం పది నిమిషాలే కదా, ఇది పది నిమిషాల్లో తేలే మాట కాదు. ముగ్గురూ కూర్చుని చదవండి.

కొనాల్సిందేమీ లేదమ్మా. తీసెయ్యాల్సినవే ఉన్నాయి. ఏవి తీసెయ్యాలో, ఎందుకో చెబుతాను.

ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పాను. ఎంసెట్ రోజులు చూశాను, 2017 నుంచి మన రెండు రాష్ట్రాల పిల్లలూ మెడికల్ సీటు కోసం నీట్ రాయడమూ చూశాను. బాగా చదివే పిల్లలే పుస్తకాల మధ్య తిరిగి తిరిగి అలిసిపోతుంటారు. ఒక పాఠాన్ని నాలుగు పుస్తకాల్లో ఒక్కోసారి చదివితే, ఏ మాట ఎక్కడ చదివారో పరీక్ష హాల్లో గుర్తు రాదు. అదే పాఠాన్ని ఒకే పుస్తకంలో నాలుగుసార్లు చదివిన పిల్లకు కళ్లు మూసుకుంటే ఆ బొమ్మ ఎడమ పేజీలో కింద ఉందని కూడా కనిపిస్తుంది. 2025 నుంచి నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు, అంటే ప్రశ్నకు ఒక నిమిషం, ఆ నిమిషంలోనే ఓఎంఆర్ కాగితం మీద జవాబు గుండ్రం దిద్దడం కూడా. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి పోతుంది. అప్పుడు తడుముకునే టైము ఉండదు.

ముందు బయాలజీ. మొత్తం 720 మార్కుల్లో 360 దీనివే, అంటే సగం. దీనికి ఎన్‌సీఈఆర్‌టీ, అంటే కేంద్రం వాళ్ల పాఠ్యపుస్తకాల సంస్థ, వేసిన 11, 12 తరగతుల పుస్తకాలు రెండే రెండు. మిగతావన్నీ వాటికి తోడు మాత్రమే. హైదరాబాద్‌లో మీ తమ్ముడికి కూడా ఈ మాట చెప్పు, అక్కడ ఇంటర్ బోర్డు పుస్తకాలు వేరు కదా, బోర్డు పరీక్షకు అవి చదువుకోవాలి, నీట్ కోసం మాత్రం ఎన్‌సీఈఆర్‌టీ పక్కన పెట్టుకోకుండా కుదరదు. ఆంధ్రలో 2025-26 నుంచి ఇంటర్ మొదటి సంవత్సరానికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్సే పెట్టారు కాబట్టి మీకు ఆ రెండు పడవల బాధ లేదు.

ఆ పుస్తకం చదవడమంటే ఎలాగో ఒక్క పేజీ పట్టుకుని చూపిస్తాను. రక్తప్రసరణ పాఠం తియ్యండి. గుండె నిమిషానికి సగటున 72 సార్లు కొట్టుకుంటుంది, ఒక హార్దిక వలయానికి, అంటే గుండె ఒకసారి కొట్టుకోవడానికి, 0.8 సెకన్లు, ఒక్కో జఠరిక (గుండెలో కింది గది) ప్రతిసారీ 70 మిల్లీలీటర్ల రక్తాన్ని పంపుతుంది, నిమిషానికి సుమారు 5,000 మిల్లీలీటర్లు. 72ని 70తో గుణిస్తే 5,040 వస్తుంది, పుస్తకం మాత్రం సుమారు 5 లీటర్లు అంటుంది. 60ని 72తో భాగిస్తే 0.83, పుస్తకం 0.8 అంటుంది. ఈ లెక్క మీరు ఒకసారి పెన్సిల్‌తో మార్జిన్లో వేసుకున్నారంటే ఇక ఆ నాలుగు అంకెల్నీ బట్టీ పట్టక్కర్లేదు, ఒకదాని నుంచి ఇంకోటి వస్తుంది. ఆ కిందే గుండె శబ్దాలు ఉంటాయి. అగ్రత్రయ, అగ్రద్వయ కవాటాలు మూసుకున్నప్పుడు లబ్, అర్ధచంద్రాకార కవాటాలు మూసుకున్నప్పుడు డబ్. ఏ కవాటం, తెరుచుకోవడమా మూసుకోవడమా, ఏ శబ్దం? ఈ మూడింటిలో ఒక్కటి తారుమారు చేసి ఎన్ని ప్రశ్నలైనా అడగవచ్చు. జతపరచడం, రెండు వాక్యాలిచ్చి ఏది ఒప్పో అడగడం, అన్నీ ఇలాంటి పేరాల్లోంచే పుడతాయి.

షాపులో బిట్ బ్యాంక్ కొనేటప్పుడు కూడా ఇదే పేజీ నాకు తూకం రాయి. విజయవాడ ఏలూరు రోడ్డులో పుస్తకం చేతిలోకి తీసుకోగానే నేను అట్ట చూడను, గుండె పాఠం తీస్తాను, లబ్ డబ్ మీద బిట్ వెతుకుతాను, తర్వాత వెనక కీ చూస్తాను, ఆ తర్వాత వివరణ. "కవాటాలు మూసుకోవడం వల్ల" అని ఊరుకుంటే, ఏ కవాటాలో చెప్పకపోతే, పుస్తకం తిరిగి పెట్టేస్తాను. మీరూ అంతే చెయ్యండి. మీకు బాగా వచ్చిన ఒక పాఠం తీసి పది బిట్లు చూడండి, ఒక్క కీ తప్పున్నా ఆ పుస్తకం వద్దు. బాగా వచ్చిన పాఠమే ఎందుకంటే రాని పాఠంలో తప్పు కీ మీకు కనపడదు, అదే ఒప్పని నేర్చుకుంటారు.

ఊరికే చెప్పడం లేదు. మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన కొడుకు లాంగ్ టర్మ్‌కు, అంటే ఇంటర్ అయ్యాక నీట్ మళ్లీ రాయడానికి, ఇంట్లోనే కూర్చుని చదివాడు. పాత పుస్తకాల సెట్టు మొత్తం ఎవరి దగ్గరో ఒకేసారి కొనుక్కొచ్చాడు, అందులో ఒక బిట్ బ్యాంక్ ఉంది, ప్రింటర్ పేరు ఎందుకులే. ఒకరోజు మా అరుగు మీద కూర్చుని బిట్లు చెప్పించుకుంటుంటే వాడు డబ్‌కు అగ్రత్రయ కవాటం అన్నాడు. కాదు నాన్నా అంటే, టెక్స్ట్ పుస్తకం తెచ్చి చూపిస్తే, బిట్ బ్యాంక్ తెచ్చి ఇదిగో ఇందులో ఇలా ఉంది టీచర్ అన్నాడు. ఆ ఒక్క పాఠంలోనే నాలుగు తప్పు కీలున్నాయి. వాడు వాటిని ఎర్ర పెన్నుతో గీసుకుని మరీ కంఠస్థం చేశాడు. నేర్చుకున్న తప్పును మరిచిపోవడానికి పట్టే కాలం, కొత్తది నేర్చుకోవడానికి పట్టేదానికి రెట్టింపమ్మా.

వాడి సెట్టులో ఇంకో చిక్కు కూడా ఉంది. దసరా సెలవులన్నీ ఖనిజ పోషణ పాఠం చదివాడు. ఆ పాఠం కొత్త పుస్తకంలో లేదు. 2023లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో 11వ తరగతి బయాలజీ 22 పాఠాల నుంచి 19కి, 12వ తరగతి 16 నుంచి 13కి తగ్గింది. మొక్కల్లో రవాణా, ఖనిజ పోషణ, జీర్ణక్రియ 11లో పోయాయి, జీవుల్లో ప్రత్యుత్పత్తి, ఆహారోత్పత్తి పెంచే వ్యూహాలు, పర్యావరణ సమస్యలు 12లో. 2024 నీట్ నుంచి సిలబస్ కూడా మార్చారు. ఆ పిల్లవాడి దగ్గర సిలబస్ కాగితమే లేదు, ఉన్న పుస్తకమే సిలబస్ అనుకున్నాడు.

అందుకని పుస్తకం లోపల మొదటి పేజీలో ముద్రణ సంవత్సరం చూడండి. ఒక్క మాట మారితే ఎంత జరుగుతుందో 2024లో దేశమంతా చూసింది. ఆ ఏడాది ఫిజిక్స్‌లో రెండు వాక్యాలిచ్చి ఏవి ఒప్పో అడిగారు. రెండో వాక్యం, ప్రతి మూలకం పరమాణువులూ స్థిరంగా ఉంటాయి, తమదైన వర్ణపటాన్ని వెలువరిస్తాయి అని. పాత ముద్రణలో అలాగే ఉంది. కొత్త ముద్రణలో "చాలా మూలకాల" పరమాణువులు అని మార్చారు. రేడియోధార్మిక మూలకాలు స్థిరం కావు కదా, కొత్తదే సరైనది. నీట్ పెట్టే ఎన్‌టీఏ మొదట రెండు జవాబులకూ మార్కులిచ్చింది. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది, కోర్టు ఐఐటీ ఢిల్లీ నుంచి ముగ్గురు నిపుణుల్ని అడిగింది, వాళ్లు ఒకటే జవాబు అన్నారు. జులై 26న ఫలితాలు మళ్లీ ఇచ్చారు, పాత పుస్తకాన్ని నమ్మి రాసినవాళ్లకు వచ్చిన 4 పోయి, తప్పుకు ఇంకో మార్కు కూడా పోయింది. 720కి 720 వచ్చినవాళ్లు 61 మంది నుంచి 17 మందికి తగ్గారు. ఆ పిల్లలు చదవనివాళ్లు కాదు, వాళ్ల పుస్తకం పాతది, అంతే. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

అలాగని కొత్త ముద్రణ ఒక్కటీ ఉంటే చాలని కూడా అనుకోకండి. కెమిస్ట్రీలో తిరకాసు ఉంది. పీ బ్లాక్ మూలకాలు కొత్త ఎన్‌సీఈఆర్‌టీలో 11లోనూ లేవు, 12లోనూ లేవు. నీట్ సిలబస్‌లో మాత్రం 13వ గ్రూపు నుంచి 18వ గ్రూపు దాకా ఉన్నాయి. ఆ ఒక్క పాఠం కోసం పాత ముద్రణ కావాలి. కాబట్టి అన్నిటికంటే ముందు నీట్ వెబ్‌సైట్‌లో ఉన్న సిలబస్ ప్రింటు తీసుకోండి, పాతిక రూపాయలు కూడా కాదు, దాన్ని గోడకు అంటించి, ఒక్కో పాఠం ఎదురుగా ఏ పుస్తకంలో చదువుతున్నారో రాసుకోండి. ఒకే పుస్తకం పేరు రాయాలి, రెండు రాస్తే నేనొప్పుకోను. ఆ రాయడం పూర్తయ్యేసరికి మీ 23లో ఎన్ని పుస్తకాల పేర్లు అసలు రాలేదో తెలుస్తుంది.

ఫిజిక్స్ నా సబ్జెక్టు కాదు. అయినా ఇన్నేళ్లు పిల్లల్ని చూసి ఒకటి చెప్పగలను. సూత్రాలు మాత్రమే ఉన్న చిన్న పుస్తకాలు, "ఫార్ములా బుక్" అని అమ్ముతారే, అవి కొనకండి, మీరే రాసుకోండి. ఎన్‌సీఈఆర్‌టీ, వాళ్లదే అభ్యాస ప్రశ్నల పుస్తకం ఎగ్జెంప్లార్, లెక్కలు అడుగడుగునా చేసి చూపించిన పుస్తకం ఒకటి. మీ దగ్గరున్నవాటిలో ఏదన్నది మీ ఫిజిక్స్ సార్‌ని అడగండి, అడిగాక మార్చకండి. 2025లో ఫిజిక్స్ కష్టంగా వచ్చింది, ఆ ఏడాది దేశం మొత్తానికి మొదటి ర్యాంకు మార్కు 686. దాంతో ఐఐటీ స్థాయి పుస్తకాలు కొనాలని చాలామంది పరుగెత్తారు. పోయిన ఏడాది పేపర్ చూసి ఈ ఏడాది పుస్తకాలు మార్చకండి. క్యాలిక్యులేటర్ ఉండదు కాబట్టి లెక్క చివరిదాకా చేత్తో చెయ్యండి, చాలామంది సూత్రంలో విలువలు వేసి "ఇక వచ్చేస్తుందిలే" అని వదిలేస్తారు, పరీక్షలో అక్కడే ఆగిపోతారు.

టెస్టు పేపర్ల కట్ట కొన్నావు కదా చిన్నీ, అది ఏ సంవత్సరానిదో చూడు. 2021 నుంచి 2024 దాకా 200 ప్రశ్నలిచ్చి 180 రాయమనేవారు, 2022 నుంచి 200 నిమిషాలు ఉండేవి. ఆ లెక్కలో తయారైన కట్టలు ఇంకా అమ్ముతున్నారు. ప్రశ్నలు పనికొస్తాయి గానీ టైము పెట్టుకుని రాయడానికి పనికిరావు. నీట్ అసలు పేపర్లు కొనక్కర్లేదు, నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలూ, ఎగ్జెంప్లార్లూ వాళ్ల వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లుగా ఉంటాయి. ఐఐటీ కాన్పూర్, కేంద్ర విద్యాశాఖ కలిసి నడిపే ఆన్‌లైన్ కోచింగ్ సాథీ కూడా ఉచితమే. 2025 నుంచి వచ్చిన అసలు పేపర్లు మాత్రం ఇప్పుడు తెరవకండి, ఒక్క ప్రశ్న కూడా చూడకండి. చివరి మూడు నెలల్లో ఆదివారాలు పరీక్ష టైముకే కూర్చుని రాయడానికి అవి కావాలి.

ఇప్పుడు మీ రూమ్‌లో ఆ శ్రీకాకుళం అమ్మాయితో ఒక మాట. తల్లీ, పదో తరగతి దాకా తెలుగు మీడియం అని భయపడుతున్నావని చిన్నీ చెప్పింది. నీట్ తెలుగులో కూడా రాయొచ్చు, తెలుగు ఎంచుకుంటే పేపర్లో ప్రశ్న తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషుదే ఖాయం చేస్తారు. ఎన్‌సీఈఆర్‌టీ తెలుగులో రాదు కాబట్టి తెలుగు అకాడమీ పుస్తకం ఒకటి దగ్గర పెట్టుకో. సమవిభజన అంటే మైటాసిస్, క్షయకరణ విభజన అంటే మియాసిస్. ఇలా ఎన్‌సీఈఆర్‌టీ పేజీ అంచున తెలుగు మాట పెన్సిల్‌తో రాసుకుంటూ వెళ్లు. క్షయం అంటే తగ్గడం అని నీకు పుట్టుకతో తెలుసు, క్రోమోజోములు సగానికి తగ్గుతాయని ఆ మాటే చెప్పేస్తుంది, పక్కనున్న ఇంగ్లీషు మీడియం పిల్లలు దాన్ని బట్టీ పట్టాలి. నువ్వు వెనకబడి లేవు తల్లీ.

చిన్నీ, వచ్చే ఆదివారం తెనాలి నుంచి ఉదయం బండికి వస్తున్నాను, మీ వార్డెన్‌తో మాట్లాడాను. ఒక ఖాళీ అట్టపెట్టె సిద్ధంగా ఉంచండి. గోడ మీద సిలబస్ కాగితంలో పేరు రాని పుస్తకాలన్నీ అందులో పెట్టి నాతో తెస్తాను, కొత్తవాటికి విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో ఎంతొస్తే అంత, కీలు తప్పున్నవి మాత్రం ఎవరికీ అమ్మను. పీ బ్లాక్ ఉన్న పాత కెమిస్ట్రీ పుస్తకాలు రెండూ ఆ ఇస్త్రీ బండి ఆయన కొడుకు ఇచ్చాడు, వాడికి ఇక అవసరం లేదట. ఒకదానికి అట్ట ఊడితే మైదా పెట్టి అతికించాను, ఆరాక తెస్తాను.

మీ అమ్మమ్మ