హెచ్చరిక గడప దాకా ఎలా వచ్చింది

2023 ఆగస్టు 8న లహైనా పట్టణాన్ని కార్చిచ్చు చుట్టుముట్టినప్పుడు అక్కడి సైరన్లు మోగలేదు. అవి చెడిపోయి కాదు, మోగించవద్దని అధికారులే నిర్ణయించారు. హవాయి దీవుల్లో సైరన్ వింటే చాలామందికి ముందు గుర్తొచ్చేది సునామీ. సునామీ అంటే కొండవైపు పరుగెత్తాలి. ఆ రోజు మంటలు ఆ వైపు నుంచే వస్తున్నాయి, జనం వాటికి ఎదురు వెళ్తారని భయపడ్డామని అప్పటి అత్యవసర విభాగం అధిపతి చెప్పారు. నిజానికి ఆ సైరన్లను ఏర్పాటు చేసింది అన్ని రకాల ప్రమాదాలకూ. వంద మందికి పైగా చనిపోయిన చోట ఆ వివరణ చాలామందిని ఒప్పించలేకపోయింది, నన్ను కూడా. అయితే ఒక పాత లోపాన్ని మాత్రం అది బయటపెట్టింది. మోత వినిపించినంత మాత్రాన ఎటు వెళ్లాలో తెలియదు.

ఈ లోపం మూలాలు చాలా వెనక ఉన్నాయి. 1859లో రాయల్ చార్టర్ అనే ఓడ బ్రిటన్ తీరంలో మునిగి నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత బ్రిటన్ వాతావరణ విభాగం అధిపతి రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ 1861 నుంచి టెలిగ్రాఫ్ ద్వారా రేవులకు గాలివాన కబురు పంపి, స్తంభాలపై గుర్తులు ఎగరేయించారు. వాటి అర్థం నావికులకు తెలుసు. ఒడ్డున కాపురముండేవారి కోసం పెట్టినవి కావవి. ఇళ్లలో ఉన్నవారి దాకా హెచ్చరిక చేర్చే ఏర్పాట్లు విస్తరించింది బాంబుదాడుల భయంతో. అమెరికా 1951లో తెచ్చిన పద్ధతిలో ప్రమాద సమయంలో రేడియో స్టేషన్లన్నీ మూగబోవాలి, 640, 1240 కిలోహెర్ట్జ్‌లలోనే మాట వినిపించాలి. శత్రు విమానాలు రేడియో తరంగాలను బట్టి దారి పట్టకుండా చేయడం దాని లక్ష్యాల్లో ఒకటి. 1971 ఫిబ్రవరి 20న పరీక్ష సందేశానికి బదులు పొరపాటున అసలు అత్యవసర సందేశమే దేశమంతటా వెళ్లింది. చాలా స్టేషన్లు దాన్ని పట్టించుకోకుండా మామూలు కార్యక్రమాలు కొనసాగించాయి. అలవాటైన పరీక్షల మధ్య అసలు సందేశాన్నీ చాలామంది నమ్మలేదు.

ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద పాఠం బంగాళాఖాతం నేర్పింది. 1970 నవంబరు 12 రాత్రి భోలా తుపాను నాటి తూర్పు పాకిస్థాన్‌లో మూడు నుంచి ఐదు లక్షల మందిని బలిగొన్నదని అంచనా. తుపాను వస్తున్న సంగతి వాతావరణ శాఖకు తెలుసు, రేడియో కూడా చెప్పింది. ఆ మాట ఎంత తీవ్రమైనదో లంకల్లో ఉన్నవారికి అర్థం కాలేదు. అర్థమైనవారికీ తలదాచుకునే గట్టి కట్టడం దగ్గరలో లేదు.

1972లో బంగ్లాదేశ్ ప్రభుత్వం, రెడ్‌క్రాస్ కలిసి తుపాను సన్నద్ధత కార్యక్రమం మొదలుపెట్టాయి. దాని బలమంతా ఊరి మనుషులే. ప్రమాదం పెరిగేకొద్దీ వారు ఒకటి, రెండు, మూడు జెండాలు ఎగరేస్తారు. చేతి సైరన్ తిప్పుతూ, మెగాఫోన్ పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. తెలిసిన మనిషి వాకిట్లో నిలబడి పిలిస్తే ఇల్లు కదులుతుంది. రేడియో గొంతుకు ఆ శక్తి లేదు. అయినా 1991 తుపానులో సుమారు 1,38,000 మంది చనిపోయారు. వారిలో పురుషుల కంటే స్త్రీలు చాలా ఎక్కువ. కబురు బజారులో మగవారి మధ్యే తిరిగిందని, భర్త అనుమతి లేకుండా చాలామంది ఇల్లు వదల్లేకపోయారని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. ఇప్పుడు ఆ కార్యక్రమంలోని 76,000 మంది వాలంటీర్లలో దాదాపు సగం మహిళలు. ఏ యంత్రమూ తేలేనంత మార్పు ఇది అని నా అభిప్రాయం. దీనికి తోడు తుపాను కేంద్రాల భవనాలు పెరిగాయి. 2020లో అంఫన్ వచ్చినప్పుడు బంగ్లాదేశ్‌లో మరణాలు పదుల్లోనే ఆగాయి.

ఫోను వచ్చాక మార్గం మారింది. సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతిలో టవర్ తన పరిధిలోని ఫోన్లన్నింటికీ ఒకేసారి సందేశం పంపుతుంది. నంబర్లు అక్కర్లేదు, రద్దీలో ఇరుక్కోదు. జపాన్ 2007లో, అమెరికా, నెదర్లాండ్స్ 2012లో ఇలాంటి హెచ్చరికలు మొదలుపెట్టాయి. యుద్ధభయం తగ్గాక చాలా సైరన్లు తీసేసిన జర్మనీ ఈ పద్ధతినీ తెచ్చుకోలేదు. 2020 సెప్టెంబరులో జరిపిన దేశవ్యాప్త పరీక్షలో ఫోన్లలోని హెచ్చరిక యాప్‌ల సందేశాలు ఆలస్యమయ్యాయి. మరుసటి జులైలో వరదలు 180 మందికి పైగా ప్రాణాలు తీశాక, 2023లో అక్కడా సెల్ బ్రాడ్‌కాస్ట్ అమలైంది.

ఇక 2024 అక్టోబరు 29 నాటి వాలెన్సియా వరదలు. స్పెయిన్ వాతావరణ సంస్థ ఉదయమే అత్యున్నత హెచ్చరిక జారీ చేసింది. ఫోన్లకు సందేశం పంపే వ్యవస్థ సిద్ధంగా ఉంది. ప్రాంతీయ అధికారులు దాన్ని వాడింది రాత్రి 8 గంటల 11 నిమిషాలకు. అప్పటికే వీధుల్లో నీళ్లు, గ్యారేజీల్లో చిక్కుకున్న మనుషులు. ఆ ప్రాంతంలో 220 మందికి పైగా చనిపోయారు. దీన్ని సాంకేతిక వైఫల్యం అనడం అన్యాయం. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆ సందేశం ఎవరి బల్ల మీద, ఎందుకు ఆగిందన్నది అక్కడి కోర్టు విచారణకు వెళ్లింది.