బండివాడు కనిపించినప్పుడు ఫోన్ చూడొద్దు

చిన్నోడా, పాపా,

మొన్న 'దేవదాసు' చూస్తూ, "అవ్వా, దీనికింత ఏడుపెందుకు, లేచిపోవచ్చు కదా" అని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

ఆ సినిమా 1953లో వచ్చింది. అప్పటికి మన తిరుపతి మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది అదే ఏడాది అక్టోబరులో. సినిమా కూడా అట్లా కలగాపులగమే. కథ బెంగాలీ రచయిత శరత్‌చంద్రది, చంద్రముఖి వేసిన లలిత మలయాళీ, అక్కినేని, సావిత్రి మనవాళ్ళు. నేను చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో చూసి దేవదాసు కోసం వెక్కి వెక్కి ఏడ్చాను. మా నాయన మాత్రం చెనక్కాయలు ఒలుచుకుంటా కూర్చున్నాడు.

ఇప్పుడు చూస్తే కన్ను పక్కవాళ్ళ మీదికి పోతోంది. దేవదాసుతో పెళ్ళి కాలేదని పార్వతిది వేరే కులం అనుకున్నారా? కాదు. నవలలో ఇద్దరిదీ ఒకటే కులం. కాకపోతే పార్వతి వాళ్ళది ఆడపిల్లకు డబ్బు పుచ్చుకునే ఇల్లు, మన పక్క ఓలి అంటామే, అట్లాంటిది. దేవదాసు వాళ్ళ జమీందారు ఇంటికి అది తక్కువతనం. కులం లోపల కూడా మెట్లుంటాయన్నమాట.

చంద్రముఖి సంగతి ఇంకొకటి. ఆమె ఆడీ పాడీ బతికే వేశ్య. ఆడపిల్లల్ని గుళ్ళకు దేవదాసీలుగా ఇవ్వకూడదని మద్రాసులో 1947లో చట్టం చేశారు. సినిమా వచ్చేనాటికి ఆ ఆడవాళ్ళు జనం మధ్యే ఉన్నారు. వాళ్ళ వీధి పేరెత్తితేనే మా అమ్మ కసిరేది. అదే అమ్మ తెర మీద చంద్రముఖిని చూసి "పాపం, మహాతల్లి" అని కళ్ళొత్తుకుంది. ఆమె మంచిదని మనం నమ్మాలంటే నగలు, ఆట, పాట అన్నీ వదిలేయాల్సి వచ్చింది. దేవదాసుకు ఆ షరతేం లేదు. సీసా పట్టుకున్నా మంచోడే! నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది అక్కడే.

చివర్లో, జబ్బుతో ఉన్న దేవదాసును ఎద్దులబండిలో పార్వతి అత్తగారి ఊరు దుర్గాపురం చేర్చేవాడొకడు ఉంటాడు. అతని ఇల్లెక్కడో, అతనికి పెళ్ళాం బిడ్డలున్నారో లేదో ఎవరూ అడగరు. 1917లో అచ్చయిన నవలలో ఇంకా ఉంది. ఊళ్ళోవాళ్ళెవరూ శవాన్ని ముట్టుకోరు. చండాలురని పేరు పెట్టి దూరంగా ఉంచినవాళ్ళే మోసుకుపోయి, సగం సగంగా కాలుస్తారు. వాళ్ళకీ పేర్లు లేవు.

గంగమ్మ జాతరకు వస్తారు కదా, మళ్ళీ పెట్టుకుందాం. చెనక్కాయలు నేను వేయిస్తాను. బండివాడు కనిపించినప్పుడు మాత్రం ఫోన్ చూడొద్దు.

మీ అవ్వ,
తిరుపతి