కవిత అర్థం ఎక్కడ వెతకాలి: పిల్లలకు ఒక ఉత్తరం

పిల్లలూ,

కవిత చేతికిస్తే మీలో చాలామందికి ముందు వచ్చేది టెన్షనే. "దీని ఇతివృత్తం ఏమిటి?" అని ప్రశ్న, దాని కింద ఖాళీ గీత. అక్కడ ప్రేమ అనో, యుద్ధం అనో, దేశభక్తి అనో రాసేస్తే మార్కు పడుతుంది, కానీ కవితతో మీ పరిచయం కూడా అక్కడితో ముగిసిపోతుంది. ప్రేమ మీద వేల ఏళ్ళుగా రాస్తూనే ఉన్నారు కదా, అన్నిటికీ ఆ ఒక్క మాటే జవాబైతే ఇన్ని కవితలెందుకు? అందుకే ఇతివృత్తంతో మొదలుపెట్టొద్దంటాను. మాట్లాడేది ఎవరు, ఎవరితో, ఎలాంటి స్థితిలో ఉండి, మన కళ్ళముందు ఏ వస్తువు పెడుతున్నారు అన్నది ముందు చూడండి.

చైనా కవి దూ ఫూ 757లో వసంతం గురించి ఎనిమిది పాదాల కవిత ఒకటి రాశాడు. అంతకు రెండేళ్ళ ముందు పెద్ద తిరుగుబాటు లేచింది, రాజధాని చాంగాన్ తిరుగుబాటుదార్ల చేతికి చిక్కింది, ఆయన ఆ నగరంలోనే ఇరుక్కుపోయాడు, భార్యాబిడ్డలు ఎక్కడో దూరాన ఉన్నారు. రాజ్యం ముక్కలైంది, కొండలూ నదులూ అలాగే ఉన్నాయి అంటూ మొదలుపెడతాడు. నగరానికి వసంతం వచ్చింది, గడ్డీ చెట్లూ దట్టంగా పెరిగాయి అంటాడు. వసంతంలో పచ్చదనం మామూలేగా అనుకుని దాటిపోయే పాదం అది. కానీ రాజధాని నగరంలో గడ్డి అంత ఏపుగా పెరిగిందంటే దాన్ని తొక్కుతూ నడిచే మనుషులు లేరనే కదా! ఆ తర్వాత ఇంటి నుంచి వచ్చే ఉత్తరం పదివేల బంగారు కాసులతో సమానమంటాడు. చివరికొచ్చేసరికి తన నెరిసిన జుట్టు గోక్కుని గోక్కుని పలచబడిపోయి, సిగలో పిన్ను కూడా నిలవడం లేదంటాడు. అప్పటికి ఆయనకు నలభై అయిదేళ్ళు. రాజ్యంతో మొదలైన కవిత ఒక మనిషి తల మీద మిగిలిన నాలుగు వెంట్రుకల దగ్గర ఆగింది. యుద్ధం చెడ్డదని ఒక్క ముక్క అనలేదు, అనాల్సిన అవసరం ఎక్కడుంది?

అయితే కళ్ళు తెరుచుకుని చదివితే చాలు అని కూడా చెప్పలేను, ఎందుకంటే ఒక్కో కాలానికి కవికీ శ్రోతకీ మధ్య కొన్ని ఒప్పందాలుంటాయి, అవి మనకూ తెలియాలి. రెండు వేల ఏళ్ళ నాటి తమిళ సంగం కవులకు కొండ ప్రాంతమంటే ప్రేమికుల కలయిక, సముద్రతీరమంటే బెంగ, ఎండిన బీడు అంటే ఎడబాటు. ఇది తెలియకపోతే వాళ్ళ కవితలు ఉత్త ప్రకృతి వర్ణనలా కనిపిస్తాయి. 'కుఱుంతొగై' అనే సంకలనంలో నలభయ్యో పద్యం నాకు ప్రాణం. మీ అమ్మా మా అమ్మా ఒకరికొకరు ఏమవుతారు, మీ నాన్నా మా నాన్నా ఏ వరసన చుట్టాలు, నువ్వూ నేనూ ఒకరికొకరం ఎలా తెలుసు అని ఒక ప్రేమికుడు తన ప్రియురాలిని వరసగా అడిగి, అయినా ఎర్రమట్టి మీద కురిసిన వాన నీటిలా మన మనసులు కలిసిపోయాయి అంటాడు. ఆ నీళ్ళ రంగు ఊహించుకోండి, ఇక అందులోంచి మట్టినీ నీటినీ విడదీయగలరా? ఆ కవి అసలు పేరు కూడా నిలవలేదు, ఆ ఎర్రమట్టి వాన మాటతోనే ఆయన్ని పిలుస్తున్నారు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన కావ్యాల జంట గురించి చెప్పాలి. కాళిదాసు 'మేఘసందేశం'లో యక్షుడు విధిలో ఏమరుపాటుగా ఉన్నందుకు ఏడాది పాటు భార్యకు దూరమై రామగిరి మీద ఉంటాడు, ఆషాఢ మేఘాన్ని చూసి అలకాపురికి కబురు తీసుకెళ్ళమంటాడు. పొగ, వెలుగు, నీరు, గాలి కలిస్తే అయిన మేఘమెక్కడ, కబురు మోయడమెక్కడ అని కాళిదాసే ప్రశ్న వేసి, విరహంలో ఉన్నవాడికి ప్రాణమున్నదేదో లేనిదేదో తెలియదని జవాబూ ఇస్తాడు. యక్షుడి బాధ నిజమైనదే, కానీ దానికి గడువుంది, ఏడాది నిండితే ఇల్లు చేరతాడు.

ఈ పద్ధతినే జాషువా అందుకుని 1941లో 'గబ్బిలం' రాశారు. ఇక్కడ కబురు పంపేవాడు అంటరానివాడని వెలివేసిన పేదవాడు, కబురు అందాల్సింది శివుడికి. మేఘాన్నో హంసనో పంపవచ్చు కదా, గబ్బిలాన్నే ఎందుకు ఎంచుకున్నట్టు? జనం అపశకునమని తరిమే జీవి అది, అయినా గుడిలోకి దర్జాగా వెళ్ళగలదు, ఈ మనిషి వెళ్ళలేడు. గుడిలో వేలాడే వేళ "శివుని చెవి నీకు కొంత చేరువుగ నుండు" అంటాడు, పూజారి లేని వేళ చూసి నా జీవిత చరిత్ర విన్నవించమని వేడుకుంటాడు. "పూజారి లేని వేళ" అన్న మూడు మాటల్లో ఎంత ఉందో చూడండి! దేవుడి చెవి దగ్గరగానే ఉంది, అడ్డుగా నిలబడ్డది మనిషి. యక్షుడికి పడిన శిక్షకు కారణముంది, గడువుంది, ఇతడి శిక్షకు రెండూ లేవు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే, మేఘం ఉండాల్సిన చోట జాషువా గబ్బిలాన్ని పెట్టడం వెనక ఎంత కోపం, ఎంత దుఃఖం ఉన్నాయో తెలుస్తుంది. రెండింటికీ 'సందేశకావ్యం' అని పేరు పెట్టి ఊరుకుంటే ఇదంతా మన చెయ్యి జారిపోతుంది.

కవితకి ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకోవచ్చంటారు కొందరు. నేను ఒప్పుకోను. రెండు మూడు అర్థాలు రావచ్చు, రానివ్వండి, కానీ మీరు చెప్పే అర్థానికి ఏ పాదం ఆధారమో వేలు పెట్టి చూపించగలగాలి.

ఈసారికి మీకో పని. జర్మన్ కవి బ్రెహ్ట్ 1935లో చదువుకునే ఒక కార్మికుడి చేత, ఏడు ద్వారాల థీబ్స్ నగరాన్ని కట్టిందెవరు అని అడిగించాడు. ఇంచుమించు ఆ కాలంలోనే శ్రీశ్రీ 'దేశచరిత్రలు'లో "తాజమహల్ నిర్మాణానికి రాళ్ళెత్తిన కూలీలెవ్వరు?" అన్నారు. ప్రశ్న దాదాపు ఒకటే. రెండూ గట్టిగా పైకి చదవండి. ఒకరి గొంతు ఎలా ఉంది, రెండోవారి గొంతు ఎలా ఉంది, ఎవరు ఎవరిని అడుగుతున్నారు, ఎక్కడ తేడా వచ్చిందో పాదాలతో సహా నాకు రాయండి. తొందరేం లేదు, సెలవుల్లో రాసినా సరే.

ఆశీస్సులతో,
మీ తాతయ్య