అపోహలు - వాస్తవాలు: ఆయిల్ అయిపోయిన విమానం అంటుకోదా?

చిన్న కార్గో విమానం ఆయిల్ అయిపోయి పొలంలో దిగిన వీడియో వాట్సాప్‌లో తిరిగినప్పుడల్లా మా కోనసీమ చుట్టాల గ్రూపులో ఒకటే మాట: "ఆయిలే లేదు కదా, ఇంక అంటుకోడానికి ఏముంది?" వీడియోలో జనం రెక్కల కింద నిలబడి సెల్ఫీలు దిగుతుంటారు. ఎయిర్‌పోర్టు ఫైర్ సర్వీసులో పనిచేసేవాణ్ణి, నాకు గుండె ఝల్లుమనేది అక్కడే.

ఖాళీ ట్యాంకంటే ఇంధనపు ఆవిరి నిండిన ట్యాంకు. మండేది ద్రవం కాదు, ఆవిరి. అడుగున ఇంజన్ లాగలేని ఇంధనం ఎప్పుడూ కాస్త మిగులుతుంది. జెట్ ఇంధనం 38 డిగ్రీల వేడికే నిప్పురవ్వ తగిలితే అంటుకునేంత ఆవిరి వదలొచ్చు. మే నెలలో రాజమండ్రి ఎండ ఎంతో మీకు చెప్పక్కర్లేదు. పిస్టన్ ఇంజన్లలో పోసే ఏవ్‌గ్యాస్‌కి, అంటే విమానాల పెట్రోలుకి, ఆ ఎండ కూడా అక్కర్లేదు. మా ఊరి వెల్డింగ్ షాపులో ఖాళీ డీజిల్ డ్రమ్ము కోయమని ఇస్తే, కోత పడే చోటుకి కాస్త కిందదాకా నీళ్ళు నింపుతాడు. ఆ తర్వాతే గ్యాస్ కట్టర్ ముట్టిస్తాడు. విమానం ట్యాంకు దగ్గర ఆ జాగ్రత్త ఏమైపోతోంది?

పైగా ఇంజన్ ఆగిందంటే రెండు రెక్కల్లోని ట్యాంకులూ ఖాళీ అయినట్టు కాదు. ఒక రెక్కలో అయిపోయి, రెండో రెక్కలో ఉన్నా అటు మార్చకపోతే ఇంజన్ ఆగుతుంది. సరుకులో లిథియం బ్యాటరీలూ ఉండొచ్చు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ మంటని రెండు నెలలకు పైగా చూసినవాళ్ళం, మనకి ఇది వేరే నేర్పాలా!

మొన్న మా పిన్ని వాళ్ళ ఊరి నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. కొడుకు కార్గో పైలట్. "ఇంజన్ ఆగితే రాయిలా పడిపోద్దంట కదా బాబూ?" లేదమ్మా. చిన్న విమానం కిలోమీటరు ఎత్తు నుంచి సుమారు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు జారుతూ పోగలదు. 1983లో కెనడాలో బోయింగ్ 767కి కిలోల బదులు పౌండ్ల లెక్కన ఇంధనం పోశారు. గాల్లో రెండు ఇంజన్లూ ఆగాయి. గిమ్లీలో పాత రన్‌వే మీద దింపారు, అందరూ బతికారు. ఇది విన్నాక ఆవిడ గొంతు కుదుటపడింది.

రిజర్వ్, అంటే అదనంగా ఉంచే ఇంధనం, ఉండదా అంటారు. ఉండాలి, టర్బైన్ (జెట్ తరహా ఇంజన్) విమానానికి కనీసం 30 నిమిషాలది. గోదావరిలో దింపితే మెత్తగా ఉంటుందనేది ఒట్టి మాట. చక్రాలు లోపలికి ముడవని విమానం నీళ్ళలో ముక్కు గుచ్చుకుని బోల్తాపడొచ్చు. నీళ్ళు పెట్టిన వరిచేలోనూ అంతే.

మన చేలో దిగితే ముందు 112కి ఫోన్ చేయండి. బీడీలు ఆర్పేయండి, దగ్గరున్న ట్రాక్టరు స్టార్ట్ చేయొద్దు. ప్రొపెల్లర్ ఆగి ఉన్నా ముట్టుకోవద్దు. పైలట్ లోపల ఇరుక్కుంటే ఇద్దరే, గాలి వచ్చే వైపు నుంచి, ప్రొపెల్లర్‌కి దూరంగా వెళ్ళండి. మిగతావాళ్ళు ఫైరింజన్ వచ్చేలా పుంతదారికి అడ్డంగా ఉన్న బళ్ళు తీయించండి.