జిత్తులమారి కుందేలు: అపోహలు - వాస్తవాలు

అమెరికన్ సాహిత్యం పాఠాలు చెప్పేవాళ్లకు ఈ మాటలు తరచూ వినిపిస్తుంటాయి.

అపోహ: బ్రేర్ రాబిట్ (అమెరికా నల్లజాతివాళ్ల జానపద కథల్లోని జిత్తులమారి కుందేలు) అంటే అమెరికా తెనాలి రామకృష్ణుడు.

నవ్వించి, బుద్ధి చెప్పి వదిలేసే రకం కాదు ఈ కుందేలు. వెన్న కథే చూడండి. కుందేలు, నక్క, పాసమ్ (పిల్లి అంత ఉండే ఒక అమెరికా జంతువు) కలిసి దాచుకున్న వెన్నను, ఇంట్లో పిల్లలకు బాగాలేదని సాకు చెప్పి కుందేలు ఒక్కడే వెళ్లి తినేస్తాడు. నిద్రపోతున్న పాసమ్ మూతికి ఇంత వెన్న పూస్తాడు. దొంగెవరో తేల్చడానికి మంట మీద నుంచి దూకాలని పందెం. పాపం, ఏ తప్పూ చేయని పాసమ్ మంటలో పడి చస్తాడు. కథ వింటున్న పిల్లాడు 'వెన్న తిన్నది పాసమ్ కాదుగా!' అని అడ్డుపడితే, ఒకరి పాపానికి ఇంకొకరు బలవడం లోకంలో ఉన్నదేనంటాడు కథ చెబుతున్న ముసలి రీమస్. బానిసగా బతికిన మనిషి నోట ఆ మాట ఊరికే రాలేదు. ఇంకో కథలో కుందేలు తోడేలును పెట్టెలో పెట్టి, కన్నాల్లోంచి మరిగే నీళ్లు పోస్తాడు. ఇందులో ఉన్నది దుర్బుద్ధి కాదు, అల్లరేనని ఈ కథల్ని పుస్తకంగా తెచ్చిన హ్యారిస్ ముందుమాటలో రాశాడు. నాకైతే ఒప్పుకోబుద్ధి కాదు.

అపోహ: ఈ కథలన్నీ జోయెల్ చాండ్లర్ హ్యారిస్ అల్లినవే.

జార్జియాలో ఒక ప్లాంటేషన్‌లో అచ్చుపని నేర్చుకుంటున్న వయసులో, అక్కడి బానిసల నోట ఇలాంటి కథలు విన్నాడాయన. మొదటి సంపుటం 1880లో వచ్చింది. రీమస్ తాత, వినే తెల్లపిల్లాడు ఆయన కల్పన. కుందేలు మాత్రం అంతకుముందే ఉన్నాడు. పశ్చిమ ఆఫ్రికాలోనూ కుందేలు కథలున్నాయి, అమెరికాలో చెరోకీ అనే ఆదివాసుల దగ్గరా ఉన్నాయి.

అపోహ: కుందేలుకు ఓటమే లేదు.

యాభై డాలర్ల పరుగుపందెంలో తాబేలు చేతిలో చిత్తయ్యాడు. తాబేలు చేసిందల్లా అచ్చం తనలాగే ఉండే పెళ్లాంబిడ్డల్ని దారి పొడుగునా నిలబెట్టడమే!

అపోహ: జిత్తులమారి ఎప్పుడూ బలహీనుల పక్షమే.

'హకల్‌బెరీ ఫిన్' అనే మార్క్ ట్వేన్ నవలలో రాజు, డ్యూక్ అని చెప్పుకునే ఇద్దరు మోసగాళ్లు తండ్రి లేని ఆడపిల్లల ఆస్తి మీదే కన్నేస్తారు.

అపోహ: కయోటీ (అమెరికా ఆదివాసుల కథల్లో జిత్తులమారిగా కనిపించే, తోడేలు జాతి జంతువు) కథలు ఎప్పుడైనా సరదాగా చెప్పుకోవచ్చు.

నవాహో అనే ఆదివాసుల ఆచారం ప్రకారం వాటిని చలికాలంలోనే చెప్పాలి. మన సిలబస్‌లో ఏమో అవి జూన్‌లోనే వచ్చేస్తాయి.